మామ్మగారి వాక్యమునకు టీకా తాత్పర్యము

అవతారిక: మేము అద్దెకున్న ఇంటి యజమానురాలైన మామ్మగారు ఆదివారము ఉదయము, ఇంకను కాఫీ దిగకముందే, మేడమెట్ల మీద నిలిచి ఒక వాక్యము సెలవిచ్చిరి. పైకి అది ఫిర్యాదు, లోతున ప్రకృతిశాస్త్రము. మావారు దానిని వాచ్యార్థముగా గ్రహించి పిల్లవాని చెవి మెలిపెట్టబోయిరి. ఆ చెవి రక్షణార్థము ఈ టీక.

మూలము: "ఏమ్మా, మీవాడు నా గులాబీ ఆకులు గుండ్రంగా కత్తిరించి, దండేనికి డ్రిల్లు వేయించిన కంతలో కుక్కుతున్నాడు. కాస్త చూసుకో."

ఏమ్మా = ఓ అద్దెకున్నదానా. ఇందలి "ఏ" ఎంత సాగిన అద్దె పెంపు అంత సమీపమున నున్నదని సంప్రదాయజ్ఞులు.

మీవాడు = మూడవ తరగతి చదువు మా కుమారుడు అని సామాన్యార్థము. ఇది పొసగదు. కర్త ఆకు కత్తిరించు తేనెటీగ. శాస్త్రజ్ఞులు మెగాకైలీ అందురు. అందునా ఆడుది. ఆ జాతిలో మగవానికి గూటి పనితో సంబంధమే లేదు (ఈ విశేషమును మా యింట ఎవరికిని వివరింపనక్కరలేదు). కావున "కుక్కుతున్నాడు" అను మహద్రూపము దోషము. "కుక్కుతోంది" అని దిద్దుకొనవలెను. ఏకవచనమున ఆడుదానికిని ఈగకును ఒకే క్రియను అంటగట్టిన మన వ్యాకరణముపై నాకు చిరకాలముగా కోపమున్నది గాని, ఇచ్చట మాత్రము అది అక్కరకు వచ్చినది.

నా గులాబీ ఆకులు = "నా" అనుటపై వివాదము కలదు. మొక్క వారిది, కుండీ మాది. ఈగకు ఈ భేదము లేదు. గులాబీ, కాగితపుపూల తీగ, కంది, ఏదైనను ఆకు పలుచగా మెత్తగా నుండుటే దానికి ముఖ్యము.

గుండ్రంగా = ఈ పదము అసంపూర్ణము. ముక్కలు రెండు విధములు: కోలగా కోసినవి గోడలకు, గుండ్రముగా కోసినవి మూతలకు. మామ్మగారు మూతలను మాత్రమే లెక్కించిరి.

కత్తిరించి = దవడలతో అని అర్థము. ఆకు అంచును కాళ్ల నడుమ ఇరికించుకొని, తాను తిరుగుచు కొన్ని సెకనులలో కోయును. చివరి పోగు తెగునప్పుడు ముక్కతో సహా నేలపడకుండ రెక్కలను ముందే ఆడించుచుండును. మావాని బడి కత్తెరకు కాగితమే తెగదు. ఇంకొక చిత్రము: మొక్క ఒకచోట, కంత ఒకచోట. మూతకై ఇక్కడ కోసిన వృత్తము అక్కడి గదికి అతికినట్లు సరిపోవును. కొలబద్ద లేక ఇదెట్లు సాధ్యమని ఫ్రెంచి కీటకశాస్త్రజ్ఞుడు ఫాబ్ర్ విస్తుపోయెను. టేపు పెట్టి రెండుమార్లు కొలిచి కుట్టిన జాకెట్టు భుజము దిగని స్త్రీలకు ఆయన విస్మయము బోధపడును.

కంతలో కుక్కుతున్నాడు = ఇది అన్యాయమైన క్రియ. కుక్కుట మా బీరువాలో జరుగును. ఇచ్చట జరుగునది పేర్చుట. కోలముక్కలను ఒకదాని అంచుపై నొకటి వచ్చునట్లు, విస్తరి కుట్టినట్లు, అయితే పుల్ల లేకుండ, నమిలిన అంచుల తడితో అంటించి దొప్పవంటి గది చేయును. అందులో పుప్పొడిని మకరందముతో కలిపి ముద్దగా పెట్టి, దానిపై ఒక్క గుడ్డు పెట్టి, మూత వేయును. ఆ మూత మీదనే తరువాతి గది. అంతయు కలిసి లంక పొగాకు చుట్టవలె నుండును. (మామ్మగారి భర్త చుట్ట మానితిమని చెప్పుచున్నారు గనుక, ఈ ఉపమానమును వారియెదుట వాడరాదు.) కంత అడుగున ఆడుబిడ్డల గుడ్లు, వాకిటి వైపున మగబిడ్డలవి, ముందు బయటికి వచ్చువారు మగవారే. ఫలదీకరణము చెందిన గుడ్డు ఆడుది, చెందనిది మగది యగును గనుక ఏ గదిలో ఎవరుండవలెనో తల్లియే నిర్ణయించును.

పూర్వపక్షము: తేనెటీగయైనచో పట్టు ఏది? తేనె ఏది?
సమాధానము: పట్టు లేదు, రాణి లేదు, పిండుకొనుటకు తేనెయు లేదు. ఇది ఒంటరిది, ఎవరి గూడు వారిదే. కాపాడుకొనవలసిన మంద లేదు గనుక మీద పడి కుట్టదు; చేతితో నలిపిననే కుట్టును. ఆకును తినదు. పుప్పొడిని కాళ్లకు గాక పొట్టక్రింది వెండ్రుకలకు అద్దుకొని మోయుటచేత దాని పొట్ట పసుపు పూసిన గడపవలె నుండును. అది ఆ పొట్టతో వ్రాలు పూలలో కందిపూవు ఒకటి. పటాన్‌చెరు ఇక్రిశాట్‌లో హైబ్రిడ్ కంది పుట్టించినవారు, పుప్పొడి లేని ఆడువరుసలకు దానిని చేరవేయు పనిని ఇట్టి ఈగలకే విడిచిరి. మామ్మగారింటి ముద్దపప్పునకును ఈ దొంగకును ఆ మేరకు చుట్టరికము కలదు.

ఇట్టి అపార్థము కొత్తదియు కాదు. 18వ శతాబ్దమున ఫ్రాన్సులో రువా ప్రాంతపు తోటమాలి యొకడు మట్టి త్రవ్వుచు ఈ ఆకుచుట్టలను చూచి, ఎవరో చేతబడి చేసిరని వణికిపోయెను. అవి చేతులు మారి పారిస్‌లో రేమూర్ అను శాస్త్రజ్ఞుని చెంతకు చేరగా, ఆయన విప్పి లోని పురుగులను చూపెను. మామ్మగారు చేతబడి వరకు పోక మా పిల్లవానితో ఆగుట వారి ఔదార్యము.

కాస్త చూసుకో = పీట వేసికొని కూర్చుండి గమనింపుమని భావము. అట్లే చేసితిని. పదిన్నర లోపల ఏడుమార్లు వచ్చినది, ఏడుమార్లును ఆకుతోనే. మావాడు నా ప్రక్కనే కూర్చుండి లెక్క వ్రాసెను. అతని చేతిలో కత్తెర లేదు, పెన్సిలున్నది. లోని పిల్లలు గూడు చీల్చుకొని వచ్చుటకు ఎండ బాగున్నచో కొన్ని వారములు పట్టును.

కొన్ని ప్రతులలో మూలమునకు చివర "రేపు ఆ కంతకి పుట్టీ పెట్టించి, డబ్బులు అడ్వాన్సులో పట్టుకుంటా" అను వాక్యము కనబడుచున్నది. శైలి భిన్నముగా నున్నది. ప్రక్షిప్తము. దీనికి టీక వ్రాయబడలేదు.