ఎడమ మూల నాదే

నేను స్టార్ట్ బటన్‌ని. విండోస్ 95తో కలిసి 1995 ఆగస్టు 24న లోకంలోకి వచ్చాను. అంతకుముందు విండోస్ 3.1లో ప్రోగ్రాం మేనేజర్ అనే పెద్దమనిషి ఉండేవాడు. తెరనిండా బొమ్మలు పరిచి, కావలసింది మీరే వెతుక్కోండి అనేవాడు. కొత్తవాళ్లు బెదిరిపోయేవారు. వాళ్ల అవస్థ చూసి మైక్రోసాఫ్ట్‌లో పనిచేసే డానీ ఓరాన్ నాకు రూపం ఇచ్చాడు. నా ప్రచారానికి రోలింగ్ స్టోన్స్ పాట పెట్టారు. కంప్యూటర్ ఆపాలన్నా స్టార్టే నొక్కాలా అని జనం నవ్వుకున్నారు. నవ్వుతూనే నొక్కారు.

నా బలమంతా నేనుండే చోటులో ఉంది. తెర మూలకు మౌస్‌ను ఎంత విసురుగా తోసినా అది అక్కడే ఆగుతుంది. గురి చూడనక్కర్లేదు. మొదట్లో మాత్రం నాకూ తెర అంచుకూ మధ్య సన్నని సందు ఉండేది. సరిగ్గా మూలన నొక్కితే పలికేవాణ్ని కాదు. తర్వాత ఆ సందు పూడ్చారు.

ఇక వేషాలు మొదలయ్యాయి. 2001లో ఎక్స్‌పీ నన్ను ఆకుపచ్చగా మార్చింది. ఇదేదో పిల్లల ఆటవస్తువులా ఉందని కొందరు మొహం చిట్లించారు. వాళ్లకోసం 'విండోస్ క్లాసిక్' అనే మార్గం ఉంచారు: డెస్క్‌టాప్‌పై రైట్ క్లిక్, ప్రాపర్టీస్, అప్పియరెన్స్. అంతే, మళ్లీ బూడిద రంగు. 2007లో విస్టా నన్ను గుండ్రం చేసింది. 2009లో వచ్చిన విండోస్ 7లో క్లాసిక్ రంగులు మిగిలాయి గానీ నా పాత మెనూ పోయింది. ఆ లోటు తీర్చడానికి ఐవో బెల్చెవ్ అనే ప్రోగ్రామర్ 'క్లాసిక్ షెల్' రాసి ఉచితంగా ఇచ్చాడు.

2012 అక్టోబరు 26న విండోస్ 8 వచ్చింది. అందులో నేను లేను! క్లాసిక్ రంగులూ లేవు. తెరనిండా పలకలు. క్లాసిక్ షెల్ వేసుకున్నవాళ్లు నన్ను నా మూలకు తిరిగి తెచ్చుకున్నారు. ఏడాది తిరిగేసరికి 8.1లో కంపెనీ కూడా నన్ను పిలిచింది. అయితే నన్ను నొక్కితే తెరుచుకునేవి ఆ పలకలే. అసలు మెనూ విండోస్ 10తో 2015లో గానీ రాలేదు. 2017లో బెల్చెవ్ పని ఆపేసి, కోడ్‌ను అందరికీ వదిలిపెట్టాడు. దాన్నే ఇప్పుడు మరికొందరు 'ఓపెన్ షెల్' పేరుతో నడుపుతున్నారు. అందులో నాకు మూడు మెనూలు: 95 నాటిది, ఎక్స్‌పీలా రెండు వరసలది, విండోస్ 7ది. లినక్స్ వాళ్లు కూడా తక్కువ తినలేదు. విండోస్ 95 తయారయ్యేటప్పటి రహస్య నామం షికాగో. ఆ పేరుతోనే 'షికాగో95' అనే థీమ్ చేసుకున్నారు.

ప్రస్తుతం నేను ఒక డీటీపీ సెంటర్లో ఉన్నాను. మా ఆపరేటర్ పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో శుభలేఖలు కూర్చి చెయ్యి తిరిగినవాడు. మొన్న కరపత్రం కోసం వచ్చిన కుర్రాడు తెర చూసి, "ఇంకా ఎక్స్‌పీయేనా అన్నా?" అన్నాడు.

"కాదురా, పదకొండు. మొహం మాత్రమే పాతది."

"ఎందుకన్నా అంత కష్టం?"

"లగ్గాల సీజన్లో మెనూ వెతుక్కుంటూ కూర్చుంటే కార్డులు ఎవరు కొడతారు?"

అతని మాటలో పాతకాలం మీద బెంగేమీ లేదు. కరెంటు పోయినా చెయ్యి స్విచ్చి మీదికి ఎలా వెళ్తుందో, అతని చెయ్యి నా మీదికి అలా వస్తుంది. విండోస్ 11 నన్ను నడిమధ్యన కూర్చోబెట్టింది. అక్కడ ఒక్కో అప్లికేషన్ తెరిచిన కొద్దీ నేను ఎడమకు జరుగుతుంటాను. జరిగేదాన్ని చెయ్యి గుర్తుపెట్టుకోలేదు. సెట్టింగ్స్‌లో టాస్క్‌బార్ అలైన్‌మెంట్‌ను లెఫ్ట్ చేశాక గానీ అతను ఊపిరి పీల్చుకోలేదు.

వేషం మార్చేవాళ్లకు రెండు మాటలు. బయటి థీములు ఒప్పుకునేలా సిస్టమ్ ఫైళ్లను సవరించేవాళ్లు ఉన్నారు. టాస్క్‌బార్‌నే పాతదిగా మార్చే 'ఎక్స్‌ప్లోరర్ ప్యాచర్' లాంటివీ ఉన్నాయి. పెద్ద అప్‌డేట్ వస్తే ఇవి తలకిందులు కావచ్చు. ముందుగా రిస్టోర్ పాయింట్ పెట్టుకోండి. ఊరూపేరూ లేని చోట దొరికిన ఫైలు ముట్టుకోకండి.

నా మీద ప్రేమతో అసలు ఎక్స్‌పీలోనే ఉండిపోయినవాళ్లనూ చూశాను. దానికి 2014 ఏప్రిల్ 8తో మద్దతు ఆగింది. ఆ తర్వాత బయటపడే లోపాలకు దిక్కు లేదు. అలాంటి యంత్రాన్ని నెట్‌కు కలిపి బ్యాంకు పనులు చేసుకుంటే నేను అడ్డుపడలేను. నేను వట్టి బటన్‌ని. నా పాత ముఖం కావాలంటే కొత్త యంత్రం మీద నిరభ్యంతరంగా పెట్టుకోండి. ఏది ఎక్కడుండాలో చెప్పే హక్కు రోజంతా పనిచేసే చేతిది. లోపల అప్‌డేట్ మాత్రం ఈ నెలదే ఉండాలి.