కంట్లో మసూర్ పప్పు

మన ఊళ్లలో ఏ కంటాసుపత్రి బోర్డు చూసినా 'ఫేకో పద్ధతిలో ఆపరేషన్' అని కనిపిస్తుంది. ఆ ఫేకో ఏమిటని ఎవరూ అడగరు. అంత గంభీరంగా ఉన్న మాటకి అర్థం అడిగితే ఫీజు పెంచుతారేమోనని భయం. గ్రీకులో ఫకోస్ అంటే మసూర్ గింజ. అంతే!

లెన్స్ సంగతీ ఇదే. లాటిన్‌లో అదీ మసూరే. రెండువైపులా ఉబ్బిన గాజుబిళ్ల అచ్చం పొట్టు తీయని మసూర్ గింజలా ఉంటుందని ఆ పేరు పెట్టేశారు. ఇంగ్లీషువాళ్లు 17వ శతాబ్దం చివర్లో దాన్ని అందుకున్నారు. మసూర్ మొక్క శాస్త్రీయ నామం ఈనాటికీ లెన్స్ క్యులినారిస్, అంటే వంటింటి లెన్స్.

శుక్లం తీయించుకుని, నల్ల కళ్లద్దాలతో దర్జాగా కూర్చున్న మా పెద్దమ్మకి ఇదంతా చెప్పాను. ఆవిడది మడి వంట, కందిపప్పే పప్పు.

"నా వంటింటి గడప తొక్కనివ్వని పప్పుని ఇన్నేళ్లూ కంట్లో పెట్టుకు తిరిగానట్రా!"

ఎలా తీశారని అడిగింది. న్యూయార్క్ కంటి డాక్టరు చార్లెస్ కెల్మన్ ఓసారి పళ్ల డాక్టరు దగ్గరికి వెళ్తే, అక్కడ గార తీసే అల్ట్రాసోనిక్ పరికరం చూసి ఉపాయం తట్టింది. 1967లో అలాంటి ప్రకంపనలతోనే మసకబారిన లెన్స్‌ని కంట్లోనే మెత్తగా చేసి, పీల్చేశాడు. దానికి ఫేకోఎమల్సిఫికేషన్ అని పేరు. అంత బరువు మనమెందుకు మోయాలి? పప్పు ఎనపడం! పప్పుగుత్తి సన్నది, అంతే తేడా. శుక్లం మరీ ముదిరితే గట్టిపడి, ఓ పట్టాన మెత్తబడదు.

"పాత పప్పు ఉడికి చస్తుందా?" అంది పెద్దమ్మ. ఏ వైద్య గ్రంథమూ ఇంత క్లుప్తంగా చెప్పి ఉండదు.

తీసినచోట పెట్టే ప్లాస్టిక్ లెన్స్‌ది యుద్ధకాలపు కథ. రెండో ప్రపంచయుద్ధంలో పైలట్ల కళ్లలో గుచ్చుకున్న విమానం అద్దాల ప్లాస్టిక్ ముక్కల్ని కన్ను పెద్దగా పట్టించుకోలేదని కంటి డాక్టరు హెరాల్డ్ రిడ్లీ గమనించాడు. 1949లో లండన్‌లో ఆ రకం ప్లాస్టిక్‌తోనే లెన్స్ చేయించి ఓ రోగి కంట్లో అమర్చాడు. తోటి డాక్టర్లు చాలాకాలం ఆయన్ని తిట్టిపోశారు.

పెద్దమ్మ డిశ్చార్జి కాగితం మీద 'సూడోఫేకియా' అని రాసుంది. ఇదేం కొత్త రోగమని కంగారుపడింది.

"రోగం కాదు పెద్దమ్మా, దొంగ మసూర్ అని అర్థం."

ఆవిడ ముఖం విప్పారింది.

"అసలు మసూర్ కాదన్నమాట. అయితే మడికి పనికొస్తుంది. ఆ రెండో కంట్లోదీ తీయించెయ్యరా, పీడా పోతుంది."