టమాటాకు ఓటు లేదు

ఐరోపా కూటమిలో ఉందామా, పోదామా అని 2016 జూన్ 23న బ్రిటన్ తన జనాన్నే అడిగింది. 52 శాతం మంది పోదామన్నారు. పోయారు. 2023 ఫిబ్రవరిలో అక్కడి కొన్ని సూపర్‌మార్కెట్లు మనిషికి మూడు ప్యాకెట్ల టమాటాలే ఇస్తామన్నాయి. తప్పంతా స్పెయిన్, మొరాకో వాతావరణానిదేనని సర్కారు సర్దేసింది. ఈ కాలంలో టర్నిప్ దుంపలూ ఉన్నాయిగా అని మంత్రిగారు సెలవిచ్చారు! మన మదనపల్లె టమాటా మార్కెట్లో ఆ మాట అనుంటే తెలిసేది.

మనకు అంత తతంగం లేదు. 2014 ఫిబ్రవరి 18న లోక్‌సభ తలుపులు మూశారు, టీవీ ప్రసారం ఆగింది, రాష్ట్ర విభజన బిల్లు గట్టెక్కింది. ఉమ్మడి రాష్ట్ర ఆఖరి ముఖ్యమంత్రిది పీలేరు, ప్రతిపక్ష నేతది కుప్పం. ఇద్దరిదీ ఒకే చిత్తూరు జిల్లా. ఒకాయన విభజన ఆపడానికి ఆఖరి బంతి ఉందన్నారు, ఇంకొకాయన రెండు ప్రాంతాలూ రెండు కళ్లన్నారు. బంతీ పడింది, హైదరాబాదూ పోయింది.

2022 ఏప్రిల్ 4న ఆ జిల్లానూ చీల్చారు. మదనపల్లె అన్నమయ్య జిల్లాకు పోయింది, పుంగనూరు, కుప్పం అప్పటికి చిత్తూరులోనే మిగిలాయి. ఓటు అడగలేదు, అభ్యంతరాలుంటే రాసివ్వమన్నారు.

ఇన్ని పంపకాలైనా టమాటా లారీని ఆపి సుంకం కట్టమనేవాడు లేడు. కుప్పం కుర్రాడు పాస్‌పోర్టు లేకుండానే రైలెక్కి బెంగళూరు పనికి పోతున్నాడు. మార్కెట్టు తెగలేదు, తెగింది రాజధాని. హైదరాబాద్‌లో ఉమ్మడి రాజధాని గడువు 2024 జూన్ 2తో తీరింది. అమరావతి కోసం ప్రపంచ బ్యాంకు, ఏడీబీల దగ్గర అప్పు చేశాం.