వలస నిధులకూ ఒక అభయారణ్యం

నేలపట్టు చెరువులో కడప చెట్ల మీద గూడబాతులు ఎన్నో తరాలుగా గూళ్ళు కట్టుకుంటున్నాయి. సర్కారు అక్కడ అభయారణ్యం అని బోర్డు పెట్టింది మాత్రం 1976లో. ఈశాన్య రుతుపవనాలకు చెరువు నిండగానే వస్తాయి, పిల్లల్ని పెంచుకుంటాయి, ఎండలు ముదిరేసరికి వెళ్ళిపోతాయి. రెట్ట పడ్డ నీళ్ళు పైరుకు బలమని ఊరివాళ్ళే వాటిని కాపాడుకుంటూ వచ్చారు, జీవో తర్వాత వచ్చింది. 2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు నేలపట్టు తిరుపతి జిల్లాలోకి పోయింది. ఆ గెజిట్ కాపీ పక్షులకు అందినట్టు లేదు, పాత అడ్రసుకే వస్తున్నాయి. సూళ్ళూరుపేటలో 2001 నుంచి పక్షుల పేరు చెప్పి ఫ్లెమింగో ఫెస్టివల్ కూడా చేస్తున్నారు. మధ్యలో కొన్నేళ్ళు ఆగి 2025 జనవరిలో మళ్ళీ జరిగింది. ఆగిన ఏళ్ళలోనూ పక్షులు వచ్చాయి. వలస పోయింది పండగే.

నా బాధ పక్షుల గురించి కాదు. వాటికంటే అరుదైన జాతి ఇంకొకటి మన రాష్ట్రాల మీదుగా ఎగురుతోంది. పార్కులకు, చెట్లకు, ఊరుమ్మడి భూములకు అని కేటాయించిన డబ్బు. బడ్జెట్ కాలంలో గుంపులుగా కనిపిస్తుంది. గూడు కట్టదు, గుడ్డు పెట్టదు. మార్చి 31 రాత్రి చూస్తే కొమ్మ ఖాళీ. ఇలాంటి జాతికి ఇంతవరకూ ఒక్క అభయారణ్యం లేకపోవడం అన్యాయం. అది మనుబోలులోనే పెట్టాలని నా డిమాండు.

మనుబోలే ఎందుకంటారా? నెల్లూరుకీ గూడూరుకీ నడుమ, చెన్నై హైవే మీద ఉన్నాం. విజయవాడ రైలు మార్గం ఊరి మీదుగానే పోతుంది. తూర్పున కృష్ణపట్నం ఓడరేవు. నిధులు ఎగిరిపోయే దారులన్నీ ఇక్కడి నుంచి కనిపిస్తాయి. ఒక మంచె కట్టి, మీద ఒక మనిషిని కూర్చోబెడితే చాలు. పైగా 400 కేవీ సబ్‌స్టేషన్ ఉంది, రాత్రి పూట కూడా లైట్లు వేసి కాపలా కాయొచ్చు. ఈ మాట టీ కొట్టు దగ్గర చెబితే ఒక పెద్దాయన, "ఏంది సామీ, డబ్బులకు కాపలా పెడతావా? ఆ కాపలావాడికి కాపలా ఎవురు?" అన్నాడు. ఇలాంటి నిరాశావాదుల వల్లే ఊళ్ళు బాగుపడటం లేదు.

ముందు ఈ జాతి పుట్టుక తెలియాలి. భూమికి రెక్కలుండవు. ఎంత పలుకుబడి ఉన్నవాడైనా చెరువుని జేబులో పెట్టుకుపోలేడు, కొంచెం కొంచెంగా పూడ్చాల్సిందే, దానికి ట్రాక్టర్లు, చీకటి రాత్రులు, ఓపిక కావాలి. అదే భూమిని ఒకసారి డబ్బుగా మార్చి చూడండి, రెక్కలు మొలుస్తాయి. లేఔట్ వేసేవాడు 10 శాతం స్థలం పార్కుకీ ఆటస్థలానికీ వదలాలని రూలు. వదల్లేదు. పాపం, మరిచిపోయాడు. 2020 నాటి క్రమబద్ధీకరణ పథకం అతని మరుపుకి మందు కనిపెట్టింది: వదలని ఖాళీ జాగాకు బదులు ప్లాటు విలువలో 14 శాతం కడితే సరి. కట్టేది ప్లాటు కొన్న గుమస్తానో టీచరో, లేఔట్ వేసినవాడు కాదనుకోండి. తెలంగాణలోనూ అదే ఏడు అదే 14 శాతం. రెండు రాష్ట్రాలూ నీళ్ళ దగ్గర కొట్టుకుంటాయి గానీ ఇలాంటి చోట అన్నదమ్ములే. 10 శాతం నేల ఉండి ఉంటే పిల్లలు ఆడుకునేవాళ్ళు, కనీసం గేదెలు మేసేవి. 14 శాతం డబ్బు మీద గేదెలు మేయవు. ఆ డబ్బు ఏ పార్కుగా మారి దిగిందో చూపించమని మీ మునిసిపాలిటీలో అడిగి చూడండి, మిమ్మల్ని కూర్చోమంటారు.

ఇదే జాతిలో పెద్ద పిట్ట కాంపా. గనికో డ్యాముకో అడవి ఇచ్చినప్పుడు పోయిన అడవి ఖరీదు కట్టి వసూలు చేసే సొమ్ము. 2002లో సుప్రీంకోర్టు చెబితే మొదలైంది. మళ్ళీ అడవి పెంచాలన్నది ఉద్దేశం. ఏళ్ళ తరబడి ఆ కోట్లు ఢిల్లీలో బ్యాంకుల్లో పొదిగాయి, పిల్ల మాత్రం బయటికి రాలేదు. 2016లో చట్టం, 2018లో రూల్సు, 2019 ఆగస్టులో రాష్ట్రాలకు 47,436 కోట్లు. అందులో మన వాటా 1,734 కోట్లకు పైనే. ఇంతలో కొట్టేసిన అడవి తిరిగి మొలిచేంత కాలం గడిచింది, మొలవలేదంతే. ఉత్తరాఖండ్‌లో ఈ డబ్బు ఏ చెట్టు మీద వాలిందో కాగ్ లెక్క తీసి 2025లో చెప్పింది: ఐఫోన్లు, ల్యాప్‌టాపులు, ఫ్రిజ్‌లు, కూలర్లు, భవనాలకు మరమ్మతులు. సుప్రీంకోర్టు కోప్పడింది. నాకైతే అందులో తప్పు కనిపించలేదు. చెట్లు కొట్టేశాక ఎండ పెరుగుతుంది, ఎండ పెరిగితే కూలర్ కావాలి. పర్యావరణం అంటే ఒకదానికొకటి ముడిపడి ఉండటమే కదా.

పంచాయతీలది చిన్న పిట్ట. 15వ ఆర్థిక సంఘం నిధుల్లో 60 శాతం తాగునీటికీ పారిశుద్ధ్యానికీ కట్టేసి, మిగతా 40 శాతం ఊరి ఇష్టానికి వదిలారు. పార్కో, చెరువుగట్టు మీద నడక దారో కావాలంటే అందులోంచే రావాలి. 2021లో కరెంటు బాకీల కింద జమ చేసుకున్నామంటూ ఆ ఖాతాలు ఊడ్చేశారు. సర్పంచులు రోడ్డెక్కి భిక్షాటన చేశారు. కరెంటు కంబానికి మీటరుంది, చెట్టుకు లేదు, బాకీ ఎవరికి ముందు తీరుతుందో తేలిపోయింది. ఇక మొక్కల పథకాలంటారా, నీరు-చెట్టు, వనం-మనం, పచ్చతోరణం అని పేరు మారుతూ వచ్చింది. గుంత అదే.

అమెరికాలో ఉన్న మా ఊరి పిల్లలు శనివారం ట్రెయిల్ వాక్ అని ఫొటోలు పెడతారు. మనకూ ట్రెయిళ్ళున్నాయి నాయనా, డొంకలు అంటాం. మీ దగ్గర తీగ లాగితే కదులుతుందేమో, మా దగ్గర డొంక ఏటా తనంతట తానే అరగజం కదిలి పొలంలో కలుస్తుంది. ఊరుమ్మడి భూముల్లో ఆక్రమణలు తీసేసి ఊరికి అప్పజెప్పమని 2011లో జగ్‌పాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు అన్ని రాష్ట్రాలకూ చెప్పింది. తీర్పు చదివిన రెవెన్యూ అధికారుల సంఖ్య కూడా అంతరించే దశలో ఉందని నా అనుమానం. అమెరికా వాళ్ళని చూసి కుళ్ళుకోనక్కర్లేదు. పార్కులకు, అడవులకు అని 1964లోనే ఒక నిధి పెట్టారు, సముద్రంలో చమురు తీసినందుకు వచ్చే సొమ్మును తర్వాత దానికి చేర్చారు. ఏటా 90 కోట్ల డాలర్ల దాకా ఇవ్వొచ్చని తర్వాత రాసుకున్నారు. దశాబ్దాల పాటు అందులో ఎక్కువ భాగం వేరే ఖర్చులకు మళ్ళించారు. 2020లో మొత్తం కచ్చితంగా ఇవ్వాల్సిందేనని చట్టం చేశాకే పిట్ట పంజరంలోకొచ్చింది. రెండు పార్టీలూ కలిసి చేశాయట. ఈ భాగం మన టీ కొట్టు దగ్గర ఎవరూ నమ్మలేదు.

కాబట్టి మనుబోలు అభయారణ్యానికి ఒక వాచర్ కావాలి. పంచాయతీ ఖాతాలో ఏమొచ్చింది, ఏం పోయింది అన్నది ఈ-గ్రామ్ స్వరాజ్ పోర్టల్లో ఎవరైనా చూడొచ్చు, కనుక బైనాక్యులర్ అక్కర్లేదు, చదువొస్తే చాలు. గ్రామసభలో లేచి నిలబడి అడిగే గొంతుండాలి. మార్చి నెలలో నిద్ర పట్టని జబ్బు ఉన్నవారికి ప్రాధాన్యం. బంధువుల్లో కాంట్రాక్టర్లు ఉండరాదు, ఈ ఒక్క నిబంధన వల్ల దరఖాస్తులు తగ్గుతాయని తెలుసు. జీతం మొక్కల నిధిలోంచే ఇస్తాం. ఫోను మాత్రం ఎవరిది వాళ్ళే తెచ్చుకోవాలి.