మొప్ప కదిలించి: ఒక చేపల పద్యానికి టీకా తాత్పర్యం

ఆ.వె.
కన్ను చూసి, మొప్ప కదిలించి, వాసన
పట్టి, పిదప నచట పలుకు ధరను;
రేవు వాడు తినెడు రేకుల పాకలో
తినని వాని కేల తీర వసతి!

అవతారిక: విశాఖపట్నంలో రైలు దిగిన ప్రతి చుట్టమూ ఆటో ఎక్కకముందే అడిగే ప్రశ్న ఒకటుంది: "ఇక్కడ మంచి చేపలు ఎక్కడ దొరుకుతాయి?" ఆ ప్రశ్నకు జవాబుగా పుట్టింది ఈ పద్యం. కర్త, వ్యాఖ్యాత ఒక్కరే. అది మర్యాద కాదని పెద్దలంటారు. ఏం చేస్తాం, వేరొకరు టీక రాయడానికి ముందుకు రాలేదు.

ప్రతిపదార్థం: కన్ను = చేప యొక్క నేత్రమును; చూసి = పరికించి. 'చూచి' అనక 'చూసి' అననేల? చేపలరేవులో గ్రాంథికం మాట్లాడిన వాడికి కిలోకి వంద ఎక్కువ చెబుతారు కనుక. తాజా చేప కన్ను ఉబ్బి, నిగనిగలాడుతూ, తేటగా ఉంటుంది. నిల్వ చేప కన్ను లోపలికి పోయి, మసక కమ్ముతుంది. మొప్ప = తల పక్కనున్న రేకును; కదిలించి = వేలితో ఎత్తి. లోపల ఎర్రగా ఉంటే సరి, గోధుమ రంగుకు తిరిగి జిగురు పట్టిందా, ముందుకు నడవాలి. ఎర్రదనానికి రంగు పూసే కళాకారులు కూడా ఉన్నారు గనుక వేలిని ఓసారి తుడిచి చూసుకోవడం పండిత లక్షణం.

వాసన పట్టి = ఆఘ్రాణించి. ఇక్కడ శంక: చేప వాసన రావడం చేపకు సహజ ధర్మం కదా, అది దోషమెట్లు? సమాధానం: కాదు. నీళ్ళలోంచి అప్పుడే వచ్చిన సముద్రపు చేపకు సముద్రపు వాసనే ఉంటుంది. మనం నీచు వాసన అంటున్నది ట్రైమిథైల్ అమీన్ అనే పదార్థానిది. చేప చచ్చాక దాని ఒంట్లోని మరో పదార్థాన్ని సూక్ష్మజీవులు విరగ్గొడితే అది పుడుతుంది. అది క్షారం, పులుపు తగిలితే అణుగుతుంది. చింతపండు పులుసులో చేపలు వండుకునే మన పూర్వుల రసాయన జ్ఞానం ఇదే. హోటలువాడికి కూడా ఈ జ్ఞానం ఉండటమే చిక్కు. కాబట్టి కొత్తచోట పులుసుతో మొదలుపెట్టరాదు. ఎర్ర మసాలా దట్టంగా పూసిన వేపుడుతో అసలే రాదు. ఉప్పు, పసుపు, కాస్త కారం రాసి పెనం మీద కాల్చిన ముక్క ఒకటి ముందు తెప్పించుకోవాలి. దాచుకోవడానికి దానికి చోటుండదు.

పిదప = ఆ మూడు పరీక్షల తరువాత; అచట = ఆ చోటనే; పలుకు ధరను = బేరమాడుము. 'పిదప' శబ్దం ప్రాణప్రదమైనది. ముందే "ఎంతమ్మా?" అన్నామో, "ముందు సూసుకో బాబూ, రేటు మాట తరవాత" అని గంప ముందున్న ఆమే మనకు పద్యార్థం చెప్పేస్తుంది. హోటల్లోనైతే చందువాను చూపించి, తూచి, ధర చెప్పమనాలి. 'సైజును బట్టి' అని మెనూలో రాసి ఉన్న చోట ఆ సైజు బిల్లులోనే మొదటిసారి కనిపిస్తుంది.

రేవు వాడు = జాలరి, కలాసీ, వేలం పాడేవాడు, ఐసు మోసేవాడు; తినెడు = భుజించునట్టి; రేకుల పాకలో = రేకు కప్పు వేసిన పాకయందు. ఈ పాదానికి ఒక పాఠాంతరం ప్రచారంలో ఉంది: 'రేవు వాడు తినెడు ఏసి గదులలోన'. గణాలు సరిపోయాయి గానీ యతి చచ్చింది. పర్సుకూ అదే గతి. పైగా రేవు వాడు ఏసీ గదిలో తినడు గనుక అర్థం కూడా పొసగదు. ఆ పాఠం త్యాజ్యం.

విశేషం: హోటల్లో చేప ముక్కలై వస్తుంది, కన్నూ మొప్పా కనపడవు. మరి మొదటి పాదం అక్కడ వృథాయేనా? కాదు, ఆ పరీక్ష హోటలుకే పెట్టాలి. "ఈ రోజు ఏం వచ్చింది?" అని అడగాలి. "అన్నీ ఉన్నాయి సార్" అన్నవాడి దగ్గర ఉన్నది ఫ్రీజరు. "వంజరం లేదండి, కానాగంతలు వచ్చాయి" అన్నవాడి దగ్గర కూర్చోవచ్చు. కానాగంతలు, నెత్తళ్ళు, సావడాయిలు పెట్టే చోట ఊరివాళ్ళు తింటున్నారని అర్థం. వంజరం, చందువా మాత్రమే పెట్టే చోటు పర్యాటకుల కోసం వెలసింది.

అమ్మేవాళ్ళు చెప్పే 'నేడు దిగిన చేప' అన్న మాటను కూడా విడదీసి చూడాలి. పెద్ద మరబోట్లు ఐసు నింపుకుని వారం, పది రోజులు సముద్రం మీదే ఉండి వస్తాయి. వాటి చేప నేడు దిగినదే, నేడు పట్టినది కాదు. రాత్రి వెళ్ళి తెల్లారేసరికి ఒడ్డుకొచ్చే చిన్న ఫైబరు పడవల చేపకే ఆ విశేషణం పూర్తిగా చెల్లుతుంది. అందుకే పెద జాలారిపేట ఒడ్డునా, భీమిలి దారిలో మంగమారిపేట దగ్గరా పొద్దున్నే నిలబడే వాళ్ళకు హార్బరు వేలంలో లేని భాగ్యం ఒక్కోసారి దక్కుతుంది. తక్కువే దొరుకుతుంది, దొరికినది మాత్రం నిన్నటిది కాదు.

కాలనియమం కూడా ఉంది. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరబోట్ల వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలమని ఆ నియమం. మోటారు లేని తెప్పలకు మినహాయింపుంది. సెలవులకు పిల్లలతో చుట్టాలు దిగేది సరిగ్గా అప్పుడే. మే నెలలో బీచి రోడ్డు హోటలు బల్ల మీద రాశిపోసిన 'సముద్రపు రొయ్య' చాలాసార్లు గోదావరి జిల్లాల చెరువులో పెరిగిన వనామీ. వనామీని నిందించడం నా ఉద్దేశం కాదు, రుచి బాగానే ఉంటుంది. సముద్రం పేరు చెప్పి ధర కలపడం దగ్గరే నా అభ్యంతరం.

ఆల్చిప్ప శంక: సముద్రాహారమని చెప్పి కవి ఆల్చిప్పను విడిచిపెట్టాడేమి? ఈ ప్రశ్న ఎక్కువగా అమెరికా నుంచి వచ్చిన మేనల్లుళ్ళు వేస్తారు. సమాధానం రెండు తెరగులు. ఒకటి, ఆల్చిప్పకు కన్నూ మొప్పా చూసే వీలు లేదు. దాని పరీక్ష వేరు: చిప్ప బిగిసి మూసుకుని ఉండాలి, కొద్దిగా తెరుచుకున్నా తడితే మూసుకోవాలి. మూసుకోలేదంటే చచ్చిందన్నమాట, పారేయాలి. ఉడికించాక తెరుచుకోనిదీ అంతే. రెండు, తెలుగువాడు ఆల్చిప్పను ఆహారంగా కంటే అలంకారంగానే ఎక్కువ వాడాడు. స్వాతి చినుకు పడితే ముత్యమవుతుందని కవులు చెప్పుకున్నారు గానీ ముత్యపు చిప్ప జాతి వేరు, తినే జాతి వేరు. మిగిలిన చిప్పల్ని కాల్చి గుల్లసున్నం చేశారు. గోడకు కొట్టగా మిగిలింది తమలపాకుకు రాసుకున్నారు. ఆ లెక్కన మన ముత్తాతలు తిన్న ఆల్చిప్ప అదే.

తినే జాతి ఉప్పునీరూ మంచినీరూ కలిసే చోట రాళ్ళను పట్టుకుని పెరుగుతుంది. గోస్తని సముద్రంలో కలిసే భీమిలి లాంటి చోటన్నమాట. కేరళలో అష్టముడి సరస్సులో కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ తోడ్పాటుతో తాళ్ళకు కట్టి పెంచుతున్నారు. ఈ ప్రాణి నీటిని వడకట్టి బతుకుతుంది, నీళ్ళలో ఉన్నదల్లా దాని కడుపులోకి పోతుంది. అందుకే శుభ్రమైన నీటిలో కొన్ని గంటలు ఉంచి కడుపు ఖాళీ చేయించాకే అమ్మాలి. పట్నపు మురుగు కలిసే నీటి ఒడ్డున పచ్చి ఆల్చిప్ప మీద నిమ్మకాయ పిండుకునే సాహసం నేను చేయను. చుట్టాల చేత చేయించను.

మేనల్లుడు ఇక్కడ పూర్వపక్షం చేస్తాడు: ఇంగ్లీషు పేరులో 'ఆర్' ఉన్న నెలల్లో తింటే భయం లేదు కదా మావయ్యా? ఆ నియమం చల్లని దేశాలది. మే నుంచి ఆగస్టు దాకా అక్కడ నీరు వెచ్చబడుతుంది, ఆల్చిప్ప గుడ్లు పెట్టి పలచబడుతుంది, చెడు సూక్ష్మజీవులు బలుస్తాయి. మన బంగాళాఖాతానికి ఏడాదంతా మే నెలే. పోనీ మన నెలలకు అన్వయిద్దామా? రేఫ ఉన్నవి చైత్రం, శ్రావణం, భాద్రపదం, కార్తీకం, మార్గశిరం. శ్రావణంలో అత్తయ్య నోములు, కార్తీకంలో ఇల్లంతా ఉపవాసాలు, మార్గశిరంలో బురుజుపేట కనకమహాలక్ష్మి అమ్మవారి గురువారాలు. ఇంట్లో నీచు ముట్టని నెలలన్నీ ఏరి చూపించింది ఆ సూత్రం. మేనల్లుడు వంజరం ముక్క వైపు తిరిగాడు.

తినని వానికి = భుజింపని వానికి; ఏల = ఎందుకు; తీర వసతి = సముద్రం కనిపించే గది. ఇది శాకాహారులకు తగలదా అని మరో శంక. తగలదు. 'వాని' అన్నది కిటికీలోంచి పడవలు చూస్తూ ఫోనులో అపోలో ఫిష్ తెప్పించుకునే వాడిని. అది హైదరాబాదు వంటకం, అందులో పడేది చాలాచోట్ల చెరువు చేపే. శాకాహారులకు రామకృష్ణా బీచిలో ముంత మసాలా ఉంది. దానికి టీక మా తోడల్లుడు రాస్తున్నాడు.