ఓ చుక్క కాఫీ – ఫేనతరంగిణీ వ్యాఖ్యా సహితము

మూలం

“కూర్చోండి బావగారూ, ఓ చుక్క కాఫీ తాగి వెళ్దురుగాని!”

అవతారిక

రాజమహేంద్రవరంలో ఇన్నీసుపేట మొదలు దానవాయిపేట దాకా ఏ గుమ్మంలో నిలబడినా వినబడే ఈ వాక్యానికి కర్త ఎవరో తెలియదు. వేదంలాగే ఇదీ అపౌరుషేయం. పలికేది చాలావరకు ఆడవారే కాబట్టి ఆ విశేషణం అక్షరాలా కూడా సరిపోతుంది. వచ్చినవారు రాగానే అనవలసిన మాట కాదిది. వారు లేచి, కండువా సర్దుకుని, ఒక కాలు చెప్పులో పెట్టాక అనాలి. అంతకు ముందే అంటే అది మర్యాద మాత్రమే, మూలం కాదు.

మూలంలో లేనిది రాయను, అక్కర్లేనిది చెప్పను అని మల్లినాథసూరి ప్రతిజ్ఞ చేశాడు. ఆయన మెతుకుసీమవాడు, గట్టి మనిషి. గోదావరి గట్టున కూర్చుని అటువంటి ప్రతిజ్ఞ నిలబెట్టుకోవడం మావాళ్ళ తరం కాదు. కనుక అడగని సంగతి ఒకటి ముందే చెప్పేస్తాను. ఈ ఊళ్ళోనే రాజరాజనరేంద్రుడి కొలువులో నన్నయభట్టు భారతం తెనిగించడానికి పూనుకుని, ఆది సభా పర్వాలు ముగించి, అరణ్యపర్వం నడుమ ఆగిపోయాడు. ఎందుకాగాడో పండితులు పలువిధాల ఊహించారు. పదకొండో శతాబ్దానికి ఈ దేశంలో కాఫీ గింజ లేదన్న సంగతి మాత్రం ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. “తిక్కన పదిహేను పర్వాలూ కాఫీ లేకుండానే రాశాడు కదా” అని పూర్వపక్షం. నెల్లూరివారి సంగతి వేరని సమాధానం.

ప్రతిపదార్థం

కూర్చోండి = దీనివల్ల బావగారు నిలబడి ఉన్నారని తెలుస్తోంది. చివర ‘అండి’ ఉంది కదా అని దీన్ని ప్రార్థన అనుకోరాదు. ఇది ఆజ్ఞ.

బావగారూ = సంబోధన. అక్కగారి భర్త, భర్తకు అన్నగారు, మేనమామ కొడుకు. వీరెవరూ కాక పక్క వాటాలో అద్దెకు దిగిన బ్యాంకు గుమాస్తా కూడా కావచ్చు. ఈ సీమలో చుట్టరికం ముందు పిలుపులో పుడుతుంది, తర్వాత గ్లాసులో స్థిరపడుతుంది.

ఓ చుక్క = గ్లాసు నిండుగా, నురుగు అంచు మీద నిలిచేటంత. ఇది అతిశయోక్తికి తలకిందులు. దీనికి ఆలంకారికులు పేరు పెట్టవలసి ఉంది. చుక్క అనగానే మరొక పానీయం తలపుకొచ్చేవారు ఈ వ్యాఖ్యకు అధికారులు కారు.

అయితే ఈ మాటకు ఉన్న అర్థం ఉన్నట్టుగా వర్తించే దశలు మనిషి బతుకులో రెండున్నాయి. ఒకటి బాల్యం. “పిల్లలకి కాఫీ ఏమిటి, నల్లబడిపోతారు” అని ఇంట్లో పెద్దలు కసురుతుండగా, నానమ్మ పాలగ్లాసులోకి చాటుగా వేసే డికాక్షన్ చుక్క. పాలు రంగు మారీ మారనట్టుంటాయి, రుచి అసలే మారదు, అయినా ఆ గ్లాసు పట్టుకుని వీధి అరుగు మీద కూర్చున్నవాడు ఆ పూటకి పెద్దమనిషే. రెండోది ముసలితనం. రోజుకు ఒక్కసారే అని వైద్యుడు గీత గీశాక, ఇంటాయనా ఇంటావిడా ఆ ఒక్కదాన్నే రెండు గ్లాసుల్లోకి తిరగబోసి, ఎవరి గ్లాసులో ఎక్కువ పడిందో ఓరగా చూసుకుంటారు. ఎక్కువ పడిన గ్లాసు ఎదుటివారి వైపు జరిపితే అది ప్రేమ. తక్కువ పడిందని మొహం ముడుచుకున్నా ప్రేమేనని కొందరంటారు, నేను ఒప్పుకోను. నడుమ ఉన్న 50 ఏళ్ళూ చుక్క అంటే గ్లాసే.

కాఫీ = ఇక్కడ కొంచెం కాళ్ళు జాపుకోవాలి.

పదిహేడో శతాబ్దంలో బాబా బుడన్ యెమెన్ నుంచి ఏడు గింజలు దాచి తెచ్చి చిక్కమగళూరు కొండల మీద నాటాడని స్థలపురాణం. మన స్థలపురాణం 1898 నాటిది. బ్రోడీ అనే దొర గోదావరి మన్యంలో, మారేడుమిల్లి పక్కన పాములేరు లోయలో కాఫీ మొక్క నాటించాడు. తర్వాత అది పుల్లంగికీ గూడేనికీ పాకింది. అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, పారిస్‌లో దుకాణమూ వెలిసింది. చాలా సంతోషం. కాని ఆంధ్రదేశంలో ఆ మొక్క ముందు కాలూనింది మా వైపేనన్న సంగతి రాజమండ్రివారు ఎక్కడా చెప్పుకోరు. గొప్ప చెప్పుకునే అవకాశం వచ్చి కూడా మనవాళ్ళు ఊరుకున్నది బహుశా ఇదొక్కచోటే. సరిగ్గా ఆ రోజుల్లోనే గోదావరి మీద హేవలాక్ వంతెన కడుతున్నారు. 1900లో అది పూర్తయి మద్రాసు రైళ్ళు నది దాటాయి. గింజ కొండ దిగి వచ్చినా, డికాక్షన్ మాత్రం ఆ రైలెక్కి వచ్చిందని నా ఊహ. అంతకు ముందు పొద్దున్నే తరవాణీ చద్దన్నమే.

ఇక సిద్ధాంతభేదాలు. చికోరీ పక్షమనీ శుద్ధ పక్షమనీ రెండు. చికోరీ కాఫీ గింజ కాదు, వేరొక మొక్క వేరు. వేయించి పొడి చేస్తారు. అందులో కెఫీన్ ఉండదు, రంగూ చిక్కదనమూ ఇస్తుంది. మిశ్రమంలో కాఫీ 51 శాతానికి తగ్గకూడదని చట్టం, అంటే బొటాబొటి మెజారిటీ. శుద్ధ పక్షంవారు దీన్ని కల్తీ అంటారు. చికోరీ లేకపోతే గేదెపాల ముందు డికాక్షన్ వెలవెలబోతుందని రెండో పక్షం. ఈ డెల్టా పాల చిక్కదనం చూసినవారెవరైనా రెండో పక్షానికే ఓటేస్తారు. కోటగుమ్మం దగ్గర రోజ్ మిల్క్ తాగి ఊరి పానీయం అదేననుకుని వెళ్ళిపోయే పరదేశులు ఈ చర్చలోకి రారు.

ఫిల్టరు సంగతి. పై గిన్నె అడుగున సన్నని బెజ్జాలుంటాయి. పొడి వేసి, కాడ ఉన్న బిళ్ళతో అదిమి, సలసల కాగే నీళ్ళు పోసి మూత పెట్టాలి. ఆ తర్వాత చేయవలసింది ఏమీ లేదు, కష్టమంతా అక్కడే. పావుగంటో ఇరవై నిమిషాలో పడుతుంది. పొడి మరీ మెత్తనైతే బెజ్జాలు పూడుకుపోయి అసలు దిగదు. అప్పుడు ఫిల్టరు నెత్తిన చెంచాతో రెండు మొట్టికాయలు వేయాలి.

“పొద్దున దిగిన డికాక్షన్ ఉంటుంది కదా, కొత్తగా వేయడమెందుకు?” అని పూర్వపక్షం. ఉంటుంది, కాని అది రెండోది. అదే పొడి మీద మళ్ళీ నీళ్ళు పోస్తే దిగే పల్చటి నీరు. చుట్టానికి రెండో డికాక్షన్ పోసిన ఇల్లాలు ఆర్యాపురంలో ఇంతవరకు పుట్టలేదు. అతిథికి కొత్తది వేస్తుంది, ఆ మిగిలింది తాను తాగుతుంది. తాగుతూ “నాకు పల్చగా ఉంటేనే ఇష్టమండీ” అంటుంది. ఈ అబద్ధాన్ని వినయం పద్దులో రాసుకుని మనం ఇంతకాలం నెట్టుకొచ్చాం. ఇంట్లో మగవాళ్ళెవరూ పల్చటిదే ఇష్టమనడం ఈ వ్యాఖ్యాత చెవిన పడలేదు.

కనుక బావగారికి ఇస్తున్నది పైకి కాఫీ, లోపల ఇరవై నిమిషాలు. మేనకోడలి సంబంధం, పొలం కౌలు, తీర్చని చేబదులు, చెప్పాలని వచ్చి చెప్పలేక లేచిన మాట, అన్నీ ఆ ఇరవై నిమిషాల్లోనే బయటపడతాయి. ఈవిడ వంటింట్లోంచే వింటూ ఉంటుంది. విషయం ఇంకా తేలలేదనిపిస్తే పాలు మరోసారి కాచుతుంది. నిమిషంలో కలిపిచ్చే ఇన్‌స్టంట్ పొడివారు ఈ మాట ఆలోచించాలి. గ్లాసు అంత తొందరగా చేతికొస్తే బావగారు తాగేసి, అప్పు సంగతి కడుపులోనే పెట్టుకుని ఇంటికి పోతారు. వారితో నాకు వాదం లేదు, జాలి ఉంది.

తాగి = క్త్వార్థకం. తాగకుండా వెళ్ళడం వ్యాకరణవిరుద్ధం.

వెళ్దురుగాని = ఈ వాక్యానికి ప్రాణం ఇదే. పైకి చూస్తే అనుమతి, లోపల నిషేధం. తొమ్మిదో శతాబ్దంలో కాశ్మీరంలో ఆనందవర్ధనుడు ధ్వనిని నిరూపిస్తూ, వాచ్యార్థం విధి అయి వ్యంగ్యార్థం నిషేధమయ్యే చోటుకు ఒక ప్రాకృత గాథను చూపించాడు. నిర్భయంగా తిరగవయ్యా అని ఒకామె సన్యాసితో అంటుంది, ఇటువైపు రావద్దని ఆమె భావం. హాలుడి సప్తశతిలోని ఆ గాథ జరిగింది ఎక్కడనుకున్నారు? గోదావరి ఒడ్డు పొదల దగ్గర. అనుకున్నదొకటి, అన్నదొకటి కావడం ఈ నది పక్కవారికి ఆనాటి నుంచీ వస్తున్న విద్య. కాకపోతే ఆ గాథలో ఆమె రమ్మన్నట్టుండి పొమ్మంది, మా ఇల్లాలు పొమ్మన్నట్టుండి ఉండమంటోంది.

తాత్పర్యం

ఇంకాసేపు ఉండండి.

పాఠాంతరాలు

కోనసీమ ప్రతుల్లో “ఎల్దురుగానండీ, ఆయ్” అని ఉంది. లయ దానిదే బాగుంది. 2015 పుష్కరాల్లో ఊరంతా చుట్టాలే అయినప్పుడు, ఫిల్టర్లు చాలని ఇళ్ళల్లో డికాక్షన్ గిన్నెలో కాచి గుడ్డలో వడగట్టారు. అది ఆపద్ధర్మం. 2027 పుష్కరాలకీ అదే గతి. డాలస్ ప్రతిలో ‘కూర్చోండి’ లోపించింది. అక్కడ వచ్చేవారు ముందే వేళ చెప్పి వస్తారు, వేళకే లేస్తారు. ఆ ఊళ్ళో ఉన్న కొడుకుతో వీడియో కాల్లో మాట్లాడుతూ ఇక్కడి తల్లి గ్లాసు కెమెరా ముందు పెట్టి చూపించే ఆచారం కొత్తగా వచ్చింది. దానికి మూలంలో ఆధారం లేదు, అయినా కాదనడానికి మనసొప్పదు.

కొన్ని ప్రతుల్లో ఈ వాక్యం కింద “వద్దమ్మా, ఇప్పుడే తాగి వచ్చాను” అని బావగారి ఉత్తరం ఒకటి కనిపిస్తుంది. అది ప్రక్షిప్తం. ఈ ఊళ్ళో ఏ ఇంట్లోనూ దాన్ని ప్రమాణంగా అంగీకరించిన దాఖలా లేదు. కనుక దానికి టీక రాయలేదు.