సిద్ధాంతిగారికి దొరికిన సిద్ధాంతం

(నాయుడుపేట ఆర్టీసీ బస్టాండు ఎదురుగా టీ బంకు. తిరుపతి బస్సు ఇంకా రాలేదు. ఈ మాటలు అయ్యేదాకా వచ్చే సూచన కూడా లేదు.)

థెరపిస్టు: సార్, మీ భుజాలు బిగుసుకుపోయాయి. మీరిప్పుడు సింపథెటిక్‌లో ఉన్నారు.

రిటైర్డ్ జువాలజీ లెక్చరర్: నేను నాయుడుపేటలో ఉన్నాను.

సిద్ధాంతి: ఏంది నాయనా అది?

థెరపిస్టు: పాలీవేగల్ సిద్ధాంతం స్వామీ. మెదడులో మొదలై గుండె, పొట్ట దాకా దిగే పదో నాడి వేగస్. దాని గురించి 1994లో స్టీఫెన్ పోర్జెస్ గారు చెప్పారు. ఒక నిచ్చెన అనుకోండి. పైమెట్టు మీద ధైర్యం, మాటామంచీ. నడిమెట్టు మీద కొట్లాటో పరుగో, అదే సింపథెటిక్. అట్టడుగున చచ్చినట్టు పడిపోవడం. పైమెట్టు నడిపే నాడికి మైలిన్ తొడుగుంటుంది. అది పాలిచ్చే జంతువులకు వచ్చిన ప్రత్యేకత. అడుగుది బల్లుల కాలం నాటిది.

సిద్ధాంతి: బల్లి సంగతయితే నన్నడగాల! అయినా మూడు మెట్లంటే మా ఇడ, పింగళ, సుషుమ్నలే గదా?

టీ మాస్టర్: అడుగు మెట్టు నాకు తెలుసు సామే. కరెంటు బిల్లొచ్చిన రోజు ఆడే ఉంటా.

లెక్చరర్: ఆ తొడుగు దగ్గరే వచ్చింది తంటా. 2018లో బ్రెజిల్ శాస్త్రవేత్తలు ఊపిరితిత్తుల చేపను పరీక్షించారు. గుండెకు పోయే వేగస్‌లో మైలిన్ ఉన్న తంతువులు కనబడ్డాయి. చేపలో!

టీ మాస్టర్: మన పులికాట్లో పడేదేనా?

లెక్చరర్: కాదయ్యా, దక్షిణ అమెరికా బురదల్లోది.

టీ మాస్టర్: పులుసుకు పనికొస్తదా?

లెక్చరర్: ఇంకోటి. ఊపిరి పీలిస్తే గుండె వేగం పెరుగుతుంది, వదిలితే తగ్గుతుంది. ఆ తేడాను కొలిచి ఇదే వేగస్ బలం అంటారు వీళ్లు. నువ్వు ఎంత నెమ్మదిగా, ఎంత లోతుగా పీలుస్తావో దాన్నిబట్టే ఆ అంకె మారిపోతుందే! గ్రాస్‌మన్, టేలర్ ఈ మాట 2007లోనే రాశారు. 2023లో గ్రాస్‌మన్ అయిదు మూలసూత్రాలనూ వరసగా ఉతికి ఆరేశాడు.

థెరపిస్టు: పోర్జెస్ గారు జవాబిచ్చారు కదా! విమర్శకులు సిద్ధాంతాన్ని సరిగ్గా చదవలేదు, ఆయన అనని మాట అంటగట్టి దాన్ని కొడుతున్నారు. ఆయన చెప్పింది క్షీరదాల గురించి. చేపతో ఏం పని?

సిద్ధాంతి: (టీ గ్లాసు కింద పెట్టి) ఆయనెవరో మావాడే! పోయినేడు ఒక పెళ్లికి ముహూర్తం పెట్టా. తాళి కట్టేయాళకి గాలీ వానా, షామియానా ఎగిరిపోయింది. పెళ్లివాళ్లు మీదకొస్తే ఏం చెప్పా? నేను పెట్టింది లగ్నానికి, షామియానాకి కాదన్నా.

లెక్చరర్: జవాబివ్వడం తప్పు కాదు సామీ, ఎట్టా ఇస్తామన్నదే లెక్క. ఇదే వేగస్ మీద 1921లో ఓటో లోవీ ఒక ప్రయోగం చేశాడు. ఒక కప్ప గుండెకున్న వేగస్‌ను ప్రేరేపించాడు, అది నెమ్మదించింది. దాన్ని తడిపిన ద్రవం తీసి ఇంకో గుండె మీద పోస్తే అదీ నెమ్మదించింది. నాడి రసాయనంతో మాట్లాడుతుందని రుజువు! కొందరికి అది మళ్లీ చేసి చూడటం చేతకాలేదు, నమ్మలేదు. ‘మీరు నన్ను సరిగ్గా చదవలేదు’ అన్నాడా? 1926లో స్టాక్‌హోంలో అందరి ముందూ చేసి చూపించాడు. పద్దెనిమిది సార్లంటారు. 1936లో నోబెల్ వచ్చింది.

టీ మాస్టర్: పాపం, కప్ప.

థెరపిస్టు: ఏదైతేనేం సార్, మా క్లయింట్లకు నెమ్మదిస్తోంది.

లెక్చరర్: నెమ్మదిగా ఊపిరి వదిలితే నెమ్మదించదా? ఎవరు కాదన్నారు? మా అవ్వ కూడా చెప్పేది, బల్లి పేరెత్తకుండానే!

థెరపిస్టు: చూశారా, గొంతు పెరిగింది. మీ నాడీవ్యవస్థకు ఈ సిద్ధాంతం ప్రమాదంలా కనబడుతోంది. విమర్శ కూడా ఒక లక్షణమే సార్.

(లెక్చరర్ జేబులో బీపీ మాత్ర వెతుక్కుంటాడు. థెరపిస్టు అది కూడా గమనించాడు.)

సిద్ధాంతి: ఆహా! నమ్మనోడికి శని పట్టిందని మేం ఎప్పటినించో చెప్తున్నాం గానీ, ఇంత చల్లగా చెప్పడం రాలా. అయితే నాయనా, ఒక్క మాట. నా పంచాంగంలో గ్రహణం పట్టే గడియ అచ్చేస్తాం. తప్పితే ఊరంతా మిద్దెలెక్కి చూస్తది, నా మొహాన ఉమ్మేస్తది. నీ పుస్తకంలో అట్టా పట్టుబడే గడియ యాడుంది?

థెరపిస్టు: (కాసేపాగి, పొడుగ్గా ఊపిరి వదిలి) అది లెవెల్ టూ కోర్సులో వస్తుంది స్వామీ.

సిద్ధాంతి: ఫీజెంత?

థెరపిస్టు: ముప్పై వేలు. ముందుగా కట్టేవాళ్లకి తగ్గింపు.

సిద్ధాంతి: (సంచిలోంచి పంచాంగం తీసి, అట్ట మీద వేలు ఆనించి) లెవెల్ టూ... ఇన్నేళ్లూ నాకెందుకు తట్టలేదో!